ఫ్లూటు కింద పోయిన మాట

నేను చిలకలూరిపేట పక్కన ఒక జిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్ళు సూపర్‌వైజరుగా చేశాను. పత్తిలోంచి గింజను వేరుచేసే మిషన్లు రెండు వరసల్లో ఉండేవి. సీజన్లో అవన్నీ ఒకేసారి తిరుగుతుంటే ఎదుటి మనిషి నోరు కదలడం కనిపించేదిగానీ మాట వినిపించేది కాదు. అక్కడ పనిచేసేవాళ్ళమంతా పెదాలు చూసి మాట పోల్చుకునేవాళ్ళం. ఆడకూలీలు మిషన్ల మధ్య నిలబడి, ఒక్క ముక్క ఎవరికీ వినపడకుండా, ఇంటి గొడవలన్నీ చెప్పుకునేవాళ్ళు. చెవుల్లో దూది పెట్టుకోండయ్యా అని మేనేజరు నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. పత్తి మిల్లులో దూదికి కరువా? అయినా ఒక్కరం పెట్టుకోలేదు.

పొద్దంతా అలాంటి చోట ఉండి వచ్చేవాడికి శుభ్రమైన శబ్దం మీద పిచ్చి పుట్టడంలో వింత లేదు. కాకపోతే నాది మామూలు పిచ్చి కాదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్న రకం. ఊళ్ళో మిగతావాళ్ళు పాట బావుందా లేదా అని చూస్తే, నేను టేపు హెడ్డు శుభ్రంగా ఉందా లేదా అని చూసేవాణ్ణి. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ స్పీకర్లు గోడకి ఎంత దూరంలో ఉన్నాయో చూసి, అడక్కపోయినా జరిపి వచ్చేవాణ్ణి. నన్ను పిలవడం తగ్గించారు. నాకేమీ అనిపించలేదు.

హెడ్‌ఫోన్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయాలుండేవి. మొదట కొన్నది స్పాంజి గుండ్లున్నది. చెవుల మీద ఊరికే ఆనుకుని కూర్చునేది, పాటంతా బయటికే పోయేది. తర్వాత మద్రాసు వెళ్ళినప్పుడు బర్మా బజారులో రెండు పెద్దవి తెచ్చుకున్నాను. ఒకటి చెవిని పూర్తిగా మూసేసేది, ఇంకోటి వెనకాల జాలీ ఉండి గాలి ఆడేది. మూసేసే దాంట్లో వింటే బావిలో కూర్చుని విన్నట్టుంటుంది. జాలీ దాంట్లో పాట తల బయట ఉంటుంది, పాడేవాళ్ళు ఎదురుగా చాపమీద కూర్చున్నట్టే ఉంటుంది. నన్నడిగితే జాలీదే మేలు. ఎవరికైనా అదే చెబుతాను. కానీ దాంట్లో ఒక లోపం ఉంది, ఇంట్లోవాళ్ళ మాటలు లోపలికి వచ్చేస్తాయి. అందుకని నేను వాడింది ఎక్కువగా మూసేసేదే.

తొంభై ఏడు వేసవిలో నాకు పెళ్ళయింది. పెళ్ళి కనిగిరిలో, ఆడపిల్లవారింట. వీడియో తీసింది నా స్నేహితుడే. పేటలో వీడియో షాపు ఉండేదతనికి. శబ్దం గురించి నేను చెప్పేదంతా ఓపిగ్గా వినే మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే. పెళ్ళైన మర్నాడు పొద్దున్నే వ్యాను మా ఊరు చేరింది. గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీశాక మా అక్క గడపకి అడ్డంగా చెయ్యి చాపి నిలబడింది. మాలో ఆచారం అది. కొత్త కోడలు మొగుడి పేరు నలుగురికీ వినపడేలా చెబితేనే లోపలికి అడుగు. ఆ తర్వాత ఇక ఆ పేరు ఆమె నోట రాదు, జన్మంతా ఏమండీ అనే. ఆ ఒక్కసారీ నలుగురి మధ్యా చెప్పించి సరదా పడతారు.

ఆ పొద్దున కరెంటు లేదు. వీడియో లైటు కోసం జనరేటరు తెప్పించారు. లైటు వైరు పొట్టిది కావడంతో దాన్ని సరిగ్గా మా గుమ్మం పక్కనే పెట్టారు. ఆ మోతకి నాకు ప్రాణం పోయినట్టుంది. పెళ్ళికొడుకునన్న మాటేగానీ నా ధ్యాసంతా దాని మీదే ఉంది. దూరంగా లాగమని జనరేటరు అతనితో నేను వాదిస్తుండగానే మా ఆవిడ పేరు చెప్పడం, అందరూ నవ్వడం, అక్క చెయ్యి తీసెయ్యడం అయిపోయాయి. బియ్యం చెంబు కాలితో తోసి లోపలికి వచ్చింది. నేను వెనక వచ్చాను.

పెళ్ళి వీడియోలకి మా వైపు ఒక పద్ధతి ఉండేది, చాలా చోట్ల ఇప్పటికీ ఉంది. తీసినప్పటి శబ్దం ఉంచరు. మంత్రాలు కాసేపు, మేళం కాసేపు ఉంచి, మిగతా అంతా సినిమా పాటలతో నింపేస్తారు. పెళ్ళికూతురు అప్పగింతలప్పుడు ఏడుస్తుంటే ఏడుపు పాట, వియ్యంకులు భోంచేస్తుంటే హుషారు పాట. నాకది ఒళ్ళుమంట. ఆ పాటల క్యాసెట్లు వంద పెళ్ళిళ్ళకి వాడి అరిగిపోయి ఉండేవి. నా పెళ్ళికి నేనే దగ్గరుండి మంచి సంగీతం పెట్టించుకుంటానన్నాను. నా సీడీ ప్లేయరూ, మూడు ఫ్లూటు సీడీలూ సంచిలో పెట్టుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం షాపుకి బయల్దేరాను.

చెప్పులేసుకుంటుంటే మా ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పెళ్ళయి నెల కూడా కాలేదు, ఇంకా నాతో సరిగ్గా మాట్లాడేది కాదు.

“మాటలు ఉంచకూడదా అండీ? అమ్మావాళ్ళ మాటలుంటాయి గదా” అంది.

నేను నవ్వాను. జనరేటరు మోతా, పిల్లల ఏడుపులూ, వంటవాళ్ళ కేకలూ ఎవరు కూర్చుని వింటారన్నాను. వచ్చాక చూడు, ఎంత హాయిగా ఉంటుందో అన్నాను. నేను సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాను.

టేపు సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. వీడియో క్యాసెట్లో బొమ్మ టేపు వెడల్పంతా ఉంటుంది, మాట మాత్రం అంచున సన్నని గీతలా ఉంటుంది. డబ్బింగ్ బటన్ నొక్కితే బొమ్మ అలాగే ఉండి, ఆ అంచు మాత్రం చెరిగి, దాని మీద కొత్త శబ్దం ఎక్కుతుంది. చెరిగింది చెరిగినట్టే, మళ్ళీ రాదు. ఇదంతా నాకు కొట్టిన పిండి. మా స్నేహితుడు బటన్ నొక్కుతుంటే నేను సీడీలు మార్చుతూ, వాల్యూము సరిచేస్తూ, మూడు గంటలు కూర్చున్నాను. కనిగిరి పెళ్ళి పందిట్లో మా అత్తగారి మాటలు, మా మరదళ్ళ పరాచికాలు, అప్పగింతల్లో ఏడుపులు, అన్నీ నా కళ్ళ ముందే ఫ్లూటు కిందకి పోయాయి. నేను కాలుతో తాళం వేస్తున్నాను.

మా గుమ్మం దగ్గరి సీను వచ్చేసరికి ఒక సీడీ అయిపోయింది. డబ్బింగ్ ఆపి నేను సీడీ మారుస్తుంటే మా వాడు టేపు సరిగ్గా వెనక్కి తిప్పకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. మధ్యలో నాలుగు సెకన్లు పాత శబ్దం అలాగే మిగిలిపోయింది. హాయిగా సాగే ఫ్లూటు ఆగి, జనరేటరు మోత భళ్ళున బయటికొచ్చి, మళ్ళీ ఫ్లూటు అందుకునేది. అది విని నేను తిరిగి చెయ్యమన్నాను. అప్పటికే మూడు గంటల నుంచి నా చాదస్తం భరిస్తున్నాడేమో, అతను వినలేదు.

“ఒరేయ్, నాలుగు సెకన్లు ఎవడికి తెలుస్తదిరా? టీ తాగుదాం పద” అన్నాడు.

దానికోసం అతనితో పదిహేను రోజులు మాట్లాడలేదు నేను. ఇంటికొచ్చిన చుట్టాలకి టేపు వేసి చూపించినప్పుడల్లా, ఆ చోటు రాగానే ముందే క్షమాపణ చెప్పి రిమోటు మీద మ్యూట్ నొక్కేవాణ్ణి.

మా ఆవిడ ఆ టేపు నేను మిల్లుకి వెళ్ళాక మధ్యాహ్నాలు వేసుకుని చూసేదని మా అమ్మ చెప్పింది. కనిగిరి మీద బెంగ. అక్కడి మెట్టచేల గాలికి పెరిగిన మనిషి మా నల్లరేగడి బురదకి అలవాటు పడటానికి రెండేళ్ళు పట్టింది. ఒకరోజు అన్నం పెడుతూ నవ్వుతూనే అంది, అప్పగింతల్లో మా అమ్మ ఏడుస్తున్నా ఫ్లూటేనండీ అని. నేనూ నవ్వాను. అందులో నవ్వడానికేముందో ఇప్పుడు నాకు అర్థం కాదు.

సాయంత్రం మిల్లు నుంచి వచ్చి స్నానం చేసి నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని పడక్కుర్చీలో కళ్ళు మూసుకునేవాణ్ణి. మా ఆవిడ మొదట్లో వచ్చి పిలిచి, వినపడటం లేదని తెలిసి వెళ్ళిపోయేది. తర్వాత ఒక ఉపాయం కనిపెట్టింది. వచ్చి, ఒక పక్క గుండు కొంచెం పైకెత్తి, ఆ సందులోంచి చెప్పాల్సిన మాట చెప్పి, మళ్ళీ జాగ్రత్తగా మూసి వెళ్ళేది. అన్నం చల్లారిపోతోంది. పాలవాడొచ్చాడు. పాపకి ఒళ్ళు వెచ్చగా ఉంది. మా కాపరంలో ఆమె నాతో అన్న మాటల్లో సగం ఆ సందులోంచి వచ్చినవే. మంచి ఘట్టంలో ఎత్తితే నేను మొహం చిట్లించేవాణ్ణి. అందుకని ఆమె మాటలు రానురాను పొట్టివైపోయాయి.

నాకు మైకులు కూడా ఉండేవి. రికార్డింగు చేసే డెక్కు ఉండేది. కోటప్పకొండ తిరనాళ్ళలో డప్పులు, వాడరేవులో పడవలు ఒడ్డుకి లాగేటప్పుడు జాలర్ల కేకలు, వేపచెట్టు మీద పొద్దుటి పక్షులు, అన్నీ రికార్డు చేశాను. పెళ్ళైన మరుసటేడు మొదటి పెద్ద వాన పడినప్పుడు వరండాలో మైకు పెట్టి, ఎవరూ కదలొద్దు, మాట్లాడొద్దు అని చెప్పి అరగంట వాన పట్టాను. మా ఆవిడ తలుపు పక్కన పీట మీద కూర్చుని ఉంది. అప్పటికి కడుపుతో ఉంది. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకుంది. నేను చూసి, చాలా బాగా సహకరించిందని మనసులో మెచ్చుకున్నాను. ఆ క్యాసెట్ ఇప్పటికీ ఉంది. మా ఇంటి పెంకుల మీద వాన, చూరు నీళ్ళు గంగాళంలో పడటం, దూరంగా ఒక గేదె. అరగంటా మా ఆవిడ అందులోనే ఉంది. నేను చెప్పినందుకు నోరు మూసుకుని ఉంది.

రెండువేల ఒకటిలో, మిరపకాయ యార్డుకి వచ్చే రోజుల్లో, ఆమెకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. గుంటూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాం. బయట రోడ్డు మీద మిరపకాయ కుక్కిన టిక్కీలు వేసుకుని లారీలు పోతుంటే ఆ ఘాటుకి వార్డంతా దగ్గేది. జ్వరం తలకెక్కిందన్నారు. చివరి రెండు రోజులూ ఆమె మాట్లాడలేదు. పాపకి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. మా అమ్మ చంకలో ఉండి, గాజు తలుపు అవతల్నుంచి చెయ్యి ఊపింది.

ఫోటోలు ఉన్నాయి. పెద్దది చేయించి దండ వేశాం. మనిషి పోతే మిగిలేది మొహమే అనుకుని దాన్నే చూసుకుంటూ ఏడాది గడిపాను. గొంతు సంగతి అప్పుడు తట్టలేదు. ఒకరోజు మిల్లులో క్యారియరు విప్పుతుంటే ఎందుకో ఆ మాట గుర్తొచ్చింది, అన్నం చల్లారిపోతోంది అన్నది. మాట గుర్తొచ్చింది గానీ అది నా గొంతుతో గుర్తొచ్చింది. ఆమె గొంతుతో ఎంత పలికించుకుందామన్నా పలకలేదు. సన్నగా ఉండేదా, కొంచెం బొంగురుగా ఉండేదా? కళ్ళు మూసుకుని రెండు రకాల క్యాసెట్ల తేడా చెప్పగలిగినవాణ్ణి, నాలుగేళ్ళు నా చెవిలో మాట్లాడిన మనిషి గొంతు చెప్పలేకపోయాను. క్యారియరు మూసేసి మిల్లు వెనక గింజల గుట్ట పక్కకి పోయి ఏడ్చాను. మిషన్ల మోతలో ఎవరికీ వినపడలేదు.

ఆ సాయంత్రమే మా స్నేహితుడి షాపుకి పోయి, కెమెరాలోని అసలు టేపు ఉందా అని అడిగాను. నా దగ్గరున్నది దాన్నించి తీసిన కాపీ, డబ్బింగ్ చేసింది ఆ కాపీ మీదే. అతను తల దించుకున్నాడు. కెమెరా టేపుని తర్వాత పెళ్ళిళ్ళకి మళ్ళీ మళ్ళీ వాడుకోవడం వాళ్ళందరి అలవాటు. మా కనిగిరి పెళ్ళి మీద అప్పటికే మూడు పెళ్ళిళ్ళు జరిగిపోయాయి. అతని తప్పేం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వెళ్ళింది నేను.

ఇంకో ఏడాదికి వీసీడీలు ఊరి మీద పడ్డాయి. పాత వీడియో క్యాసెట్లు సీడీలుగా మార్చబడును అని అతను కూడా బోర్డు పెట్టాడు. జనం సంచుల్లో పోసి తెచ్చారు. నేను ఒప్పుకోలేదు. వీసీడీలో కదలిక ఎక్కువైన చోట బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది, తలంబ్రాలు పోసుకుంటుంటే మొహాలే ఉండవు. శబ్దమైతే రేకు డబ్బాలో పోసి ఊపినట్టే. డీవీడీ వచ్చేదాకా ఆగమని షాపుకొచ్చిన వాళ్ళకి కూడా చెప్పి, అతని బేరాలు చెడగొట్టాను. డీవీడీ వచ్చాక అది గీతలు పడితే ఆగిపోతుందని దానికీ వంక పెట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎంతసేపు చెబుతావురా వీళ్ళకి అని అతను విసుక్కునేవాడు. సీడీలు చేయించుకున్నవాళ్ళు క్యాసెట్లు పారేశారు. ఆ టేపు లాగి, పిట్టలు వాలకుండా జొన్నచేల మీద గుంజల మధ్య కట్టారు. ఆ ఏడాది గాలొస్తే మా ఊరి పెళ్ళిళ్ళన్నీ చేలల్లో ఝుమ్మని మోగేవి. సైకిలాపి వింటూ నిలబడేవాణ్ణి.

నా క్యాసెట్ మాత్రం బీరువాలో పట్టుచీరల కింద ఉంది. బూజు పట్టకుండా, మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు దాని చుట్టూ పెట్టేవాణ్ణి. ఆరు నెలలకోసారి ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పి పెట్టేవాణ్ణి. చూసేవాణ్ణి కాదు. వీసీఆర్ బెల్టు తెగిపోయాక తిప్పడం కూడా మానేశాను.

మా అమ్మాయికి పదేళ్ళప్పుడు మా అత్తగారు కనిగిరి నుంచి ఫోన్ చేశారు. ఫోన్ ఎత్తి హలో అంది పిల్ల. అచ్చం మీ అమ్మ గొంతేనే, నా తల్లీ, అన్నారట. ఫోన్ పెట్టేసి పిల్ల తిన్నగా నా దగ్గరికొచ్చింది.

“నాన్నా, అమ్మ గొంతు నా గొంతులాగే ఉండేదా?”

అవునని చెప్పేస్తే సరిపోయేది. ఏ తండ్రయినా అదే చేస్తాడు. నాకే గుర్తులేని గొంతుకి అవునని ఎలా చెప్పను? నీ దగ్గర అన్ని క్యాసెట్లున్నాయి కదా నాన్నా, అమ్మది వెయ్యి, నేను వింటాను అంది. డప్పులు, పక్షులు, వాన, జాలర్లు, అన్నీ ఉన్నాయని ఆ పిల్లకి తెలుసు. ఆ రోజు తనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఫ్లూటు సంగతి, వాన సంగతి, అన్నీ. పిల్ల ఏడవలేదు, కోప్పడలేదు. వాన క్యాసెట్ అయినా వెయ్యమంది. అరగంటా హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది, ఎక్కడైనా ఒక దగ్గు వినపడుతుందేమోనని. వినపడలేదు. మా ఆవిడ కొంగు అంత గట్టిగా కుక్కుకుంది.

అప్పుడు గుర్తొచ్చాయి ఆ నాలుగు సెకన్లు. పన్నెండేళ్ళు నేను తిట్టుకున్నవి, చుట్టాల ముందు మ్యూట్ నొక్కినవి. అవి మా గుమ్మం దగ్గరివి. అక్క చెయ్యి అడ్డం పెట్టిన చోటివి.

అటక మీది వీసీఆర్ దింపాను. మా స్నేహితుడి షాపు అప్పటికి జెరాక్సు, సెల్ రీఛార్జి షాపైపోయింది. అయినా వెనక గదిలో పాత సామాను అతను పారెయ్యలేదు. బెల్టు అతనే వెతికి ఇచ్చాడు, ఇంటికొచ్చి దగ్గరుండి బిగించాడు. హెడ్డు స్పిరిట్‌తో తుడిచాం. టేపు మీద ఎక్కడా బూజు లేదు. నా చాదస్తం జీవితంలో ఒక్కసారి ఎవరికైనా పనికొచ్చిందంటే అది అదే. బొమ్మ వేసుకుని గుమ్మం సీను దగ్గరికి తెచ్చాం. ఫ్లూటు ఆగింది. జనరేటరు మోత భళ్ళున వచ్చింది. మళ్ళీ ఫ్లూటు. టీవీలో వింటే అంతే, ఇంకేమీ లేదు. మా వాడు నా వైపు చూడలేక బయటికి పోయి నిలబడ్డాడు.

నేను వదల్లేదు. ఆ నాలుగు సెకన్లూ నా డెక్కులోకి తీసుకున్నాను. జనరేటరు మోత బరువైన శబ్దం, అడుగున ఉంటుంది. మనిషి గొంతు దానికి పైన ఉంటుంది. ఈక్వలైజరులో అడుగు మీటలు మొత్తం దించేసి, మధ్యవి కొద్దికొద్దిగా ఎత్తుకుంటూ వచ్చాను. రెండు రోజులు పట్టింది. మూడోరోజు ఆదివారం మధ్యాహ్నం, మూసేసే హెడ్‌ఫోన్లో, మోత ఒక గోడ వెనక్కి వెళ్ళినట్టయి, ముందు మా అక్క గొంతు వచ్చింది, చెప్పమ్మా చెప్పు అని. దాని వెనకే ఇంకో గొంతు.

“ఉండండి, చెప్తా.”

అంతే. ఆ వెంటనే ఫ్లూటు.

సన్నగా లేదు. బొంగురుగానూ లేదు. నవ్వు ఆపుకుంటూ అన్నది, మాట చివర కొంచెం సాగింది, మెట్ట ఊళ్ళవాళ్ళు సాగదీసినట్టు. నేను దాన్ని మరిచిపోయానని ఎలా అనుకున్నానో తెలియదు. ఎన్నిసార్లు తిప్పి విన్నానో కూడా తెలియదు. మొహం కడుక్కుని వచ్చి మా అమ్మాయిని పిలిచాను.

హెడ్‌ఫోన్ తనకి పెట్టాను. పిల్ల కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ వెయ్యమంది. నాలుగోసారికి, గాజులు వినపడుతున్నాయి నాన్నా, అమ్మ చెయ్యి ఎత్తినట్టుంది అంది. నేను తీసుకుని విన్నాను. నాకు గాజులు వినపడలేదు. అంతకు ముందు ఏడాదే డాక్టరు చెప్పాడు, మిల్లు మోతకి సన్నని శబ్దాలన్నీ నా చెవులు వదిలేసుకున్నాయని. శంఖం ఎవరి ముందు ఊదారో అప్పుడు తెలిసింది. మళ్ళీ పిల్లకే ఇచ్చి, ఒక పక్క గుండు కొంచెం ఎత్తి, గాజులు ఎలా ఉన్నాయమ్మా అని అడిగాను. మట్టిగాజులు నాన్నా, చాలా ఉన్నాయి అంది.

తర్వాత టీవీలో బొమ్మ వేసుకుని చూశాం ఇద్దరం. ఫ్లూటు తగ్గించేశాను. ఉండండి చెప్తా అన్నాక మా ఆవిడ తల ఎత్తుతుంది. పెదాలు కదులుతాయి. మిల్లులో నేర్చిన విద్య, నాకు స్పష్టంగా తెలుస్తోంది. మూడక్షరాల నా పేరు, చివర గారు. అక్షరం అక్షరం విడిగా, తప్పు పోకుండా చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

“నీ పేరేగా?” అంది పిల్ల.

అవునన్నాను.

“గట్టిగా చెప్పిందా, మెల్లిగా చెప్పిందా?”

టీవీలో పెళ్ళికొడుకు ఆమె పక్కనే ఉన్నాడు. ఆమె పెదాలు కదులుతున్నంతసేపూ అతను వెనక్కి తిరిగి, వేలు చూపించి, జనరేటరు అతన్ని ఏదో అంటున్నాడు.

“నాకు వినపడలేదమ్మా” అన్నాను. “ఆ రోజు కూడా వినపడలేదు. కెమెరాకే వినపడింది.”

పిల్ల టీవీ వంక, నా వంక చూసింది. తర్వాత హెడ్‌ఫోన్ తీసి, వైరు చుట్టి, నేను నేర్పినట్టే మెలిక పడకుండా డబ్బాలో పెట్టింది.